ఖట్టీ దాల్ ఎవరికి నేర్పాలి?

కిందటేడు రంజాన్‌కి నెల ముందు అమ్మీకి ఫాలిజ్ వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట మాత్రం నిలబడింది, అల్‌హందులిల్లాహ్. ఆస్పత్రి నుంచి ఎల్బీ నగర్ ఇంటికి తెచ్చిన మూడో రోజు ఆమె నోరు తెరిచి అడిగింది ఖట్టీ దాల్, చావల్. మా ఆవిడ టీచర్, పొద్దున ఏడున్నరకే బడికి వెళ్లిపోతుంది. పేపర్ నౌకరీ కాబట్టి మధ్యాహ్నం దాకా ఇంట్లో ఉండేది నేనే. హైదరాబాదీ దస్తర్‌ఖాన్ గురించి ఇరవై ఏళ్లుగా రాస్తున్నవాణ్ణి. గ్లాసెడు కందిపప్పుకి ఎన్ని నీళ్లు పోయాలో తెలియక బావర్చీఖానాలో నిలబడిపోయాను.

"నక్కో రే బేటా, హోటల్ సే మంగా లే" అంది అమ్మీ మంచం మీది నుంచే.

ఎక్కడి నుంచి మంగాలి? ఎల్బీ నగర్ చౌరస్తా నుంచి కొత్తపేట, చైతన్యపురి మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రో పిల్లర్ల నీడన నడిచి చూడండి. బిర్యానీ, మండీ, షవర్మా, రంజాన్ వస్తే హలీమ్ భట్టీలు. మన ఇళ్లల్లో రోజూ ఉడికే ఖట్టీ దాల్, టమాటే కా కట్, అంబాడే కీ భాజీ ఏ బోర్డు మీదా నాకు కనబడలేదు.

హలీమ్‌కి 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. 2019లో యునెస్కో మన షహర్‌ని గాస్ట్రానమీ నగరాల జాబితాలో చేర్చింది. ఖుషీనే, కాదనను. ఆ వార్తలకు హెడ్డింగులు పెట్టి సంబరపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే ఇజ్జత్ దక్కిన వంటలు చాలా మటుకు దేగ్‌ల వంటలు, మగవాళ్లు మజూరీకి వండేవి. షాదీఖానాలో దేగ్ దించినాయన ఉస్తాద్. యాభై ఏళ్లు రెండు పూటలా హండీ దించిన అమ్మీని ఏమని పిలవాలో మన జబాన్‌లో ఒక లఫ్జ్ కూడా లేదు.

ఇంటి వంట అనగానే మనవాళ్లలో కొందరికి నసబ్‌నామా గుర్తొస్తుంది. మొఘల్ అంటారు, ఇరాన్ అంటారు, అరబ్ అంటారు. బిర్యానీ, హలీమ్‌ల మటుకు సరే. పొద్దుటి నాష్తాలో ఖిచిడీ, ఖీమా పక్కన పోసుకునే ఖట్టా సంగతేమిటి? చింతపండు పులుసు పిండి, వేయించిన నువ్వుల పొడి కలిపి, పచ్చి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, జీలకర్ర వేస్తాం. పొయ్యి మీద పెట్టం. మా పక్కింటి వదినగారి పచ్చిపులుసు గిన్నె, మా ఖట్టా గిన్నె పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. ఇవి అక్కాచెల్లెళ్లు. చింతచిగురు రాగానే గోష్‌లో పడుతుంది, అది చుగర్ గోష్. పుంటికూర పడితే అంబాడా గోష్. శనగపప్పు, సొరకాయ, మాంసం కలిసి చింతపండు పులుపులో ఉడికితే దాల్‌చా. పేర్లు ఉర్దూవి, మట్టి తెలంగాణది. అమ్మీ మైకా సూర్యాపేట వైపు. నా చిన్నప్పుడు ఎండలు ముదురుతుంటే మామూజాన్ బస్సు డ్రైవర్ చేతికి చింతచిగురు మూట ఇచ్చి పంపేవాడు. ఎల్బీ నగర్‌లో బస్సు ఆగే చోట అబ్బా, నేను నిలబడి తీసుకునేవాళ్లం. మూసీ వడ్డున నవాబుల కోసం ఎవరు ఏం వండారో నాకు తెలియదు గానీ, ఆ మూట వాసన తెలుసు.

పుంటికూర అంటే ఒక సంగతి గుర్తొచ్చింది. ఎక్కడో కరీబియన్ సముద్రంలో ఉన్న జమైకాలో గోంగూర జాతి మొక్క ఎర్రటి పూతొడిమలను అల్లంతో మరిగించి షర్బత్ చేస్తారు, క్రిస్మస్‌కి అది ఉండాల్సిందే. అక్కడ దావత్ అంటే మేక మాంసం కూర. పసుపు, ధనియాలు, జీలకర్ర వేసిన మన మసాలా కూరే. 1845లో మొదటి ఓడ మొదలుకొని హిందుస్తాన్ నుంచి చెరకు తోటలకు కూలీలను తీసుకుపోయారు, ఆ కూర వాళ్లతో పోయింది. ఎక్కువ మంది ఉత్తరాదివాళ్లు, మద్రాసు రేవు నుంచి పోయినవాళ్లూ ఉన్నారు. వంట పుస్తకాలు పట్టుకుని పోయిన జనం కాదు. ఇంట్లో చూసి నేర్చుకున్నది, పక్కవాడికి చూపించింది. అలా అది ఇవాళ అక్కడ అందరి కూర అయింది. ఏడు సముద్రాలు దాటి నిలబడ్డ సాలన్ ఎల్బీ నగర్‌లో ఒక్క తరం దాటలేకపోతే కసూర్ ఎవరిది?

దావత్‌లలో దీనికి జవాబు తయారుగా ఉంటుంది. "ఆజ్‌కల్ కీ లడ్కియాఁ కుచ్ పకానా నైఁ జాన్‌తీఁ." ఈ మాట అనేవాళ్లలో ఎవరైనా ఒకసారైనా అల్లం, వెల్లుల్లి దంచారా అని అడగాలనిపిస్తుంది నాకు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో మన ఆడపిల్లలు ఉన్నారు. నల్లగొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి కోచింగ్‌కి వచ్చి గ్రూప్స్‌కీ, బ్యాంకు పరీక్షలకీ చదువుతున్నారు. వాళ్లు చదువుకోవాలని దువా చేసింది మనమే. ఇప్పుడు జాయకా పోయిందని వాళ్లనే నిందించడం ఇన్సాఫ్ కాదు. ఇంటి హునర్ మొత్తం సగం మంది తలకెత్తి, మిగతా సగం మందిని తినడానికి కూర్చోబెట్టాం. ఆ మొదటి సగం చదువులకూ నౌకరీలకూ బయటికి నడిస్తే, రెండో సగానికి ఆకలి తప్ప ఏమీ రాదు. మా బాజీకి పదేళ్లప్పుడు రొట్టెల పీట ఇచ్చారు. నాకు సైకిల్ కొనిచ్చారు. మొన్న ఫోన్ చేసి "బాజీ, దాల్‌లో పులుపు ఎప్పుడు పోయాలి?" అని అడిగితే పకపకా నవ్వింది. "ఇన్నేళ్లు తిన్నావు, ఒక్కసారైనా అడిగావా భయ్యా?" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం రాత్రి దాకా గుచ్చుకుంది.

యూట్యూబ్ ఉందిగా అంటారు దోస్తులు. ఉంది, నేనూ చూశాను. కొలతలు బాగానే చెబుతారు. అమ్మీ దగ్గర కొలతలు లేవు, అందాజ్ ఉంది. నోటుబుక్కు తీసి రాసుకోబోయాను. "ఇమ్లీ ఎంత?" "ముట్ఠీ భర్." ఎవరి ముట్ఠీ అమ్మీ? ఆమె ఎడమచెయ్యి చాపి నా అరచేతిలో చింతపండు పెట్టి, వేళ్లు మూసి, మళ్లీ తెరిచి కాస్త తీసేసింది. అది ఏ కాయితం మీద రాయాలి? బగార్ కూడా అంతే. నూనెలో జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు. వెల్లుల్లి ఏ రంగులో ఉన్నప్పుడు హండీలో పోయాలన్నది పక్కగదిలో పడుకుని వాసనతోనే చెబుతోంది ఆమె. "అబ్... అబ్ డాల్!" మొదటి రెండు రోజులు మాడ్చాను. మూడో రోజు భయపడి ముందే పోశాను, పచ్చివాసన వచ్చింది.

అందుకే రెసిపీలు రాసి పెట్టండి అని సలహా ఇచ్చేవాళ్లతో నాకు పూర్తిగా ఇత్తెఫాక్ లేదు. రాయండి, మంచిదే. కానీ పక్కన నిలబడాలి. నిలబడేవాళ్లు ఆడపిల్లలే కావాలని ఎవరన్నారు? ఇంట్లో ఉన్నప్పుడు ప్రవక్త (స) ఇంటివాళ్ల పనుల్లో ఉండేవారని, నమాజ్ వేళకు లేచి వెళ్లేవారని హజ్రత్ ఆయిషా (ర.అ.) చెప్పిన రివాయత్ సహీ బుఖారీలో ఉంది. జుమా బయాన్‌లలో బీవీ ఫరాయిజ్ మీద గంటలు గంటలు విన్నాను, ఈ సున్నత్ మీద విన్నది తక్కువ.

అమ్మీకి మొదట్లో షరమ్‌గానే ఉండేది. ఎవరైనా పలకరించడానికి వస్తే "బహూ వండి పెట్టి పోయింది" అని చెప్పేది. నన్ను కాపాడుతున్నాననుకునేది పాపం. ఒక ఇత్వార్ నాడు మా ఖాలా ముందే నేను గరిటెతో బయటికొచ్చి ఆ అబద్ధం చెడగొట్టాను. ఖాలా ముఖం చూడాలి!

ఇప్పుడు ఇంటర్ చదివే మా పెద్దోడు ఇత్వార్ రోజు నా పక్కన నిలబడుతున్నాడు. వాడికి ఇష్టం లేదు, క్రికెట్ ఉంది. అయినా నిలబెడుతున్నాను. పోయిన వారం ఖట్టా వాడే కలిపాడు. అమ్మీ ఎడమచేత్తో చెంచా పట్టుకుని, చప్పరించి, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నా వైపు తిరిగి, "ఇస్‌కా హాత్ తేరే సే అచ్ఛా హై. తిల్ జరా జ్యాదా పడీ" అంది.

వాడు ఇంకో ఉల్లిగడ్డ తరగడానికి లోపలికి పోయాడు.