దండారి రాత్రి లైటు కొట్టొద్దు, ఫోకస్ మనమే పెట్టుకుందాం



పోయిన దీపావళి దండారిలో మా గూడెం పోరగాళ్లం నలుగురం రాత్రంతా వీడియో తీసినం. రెండు ఫోన్లు, ఒక పాత కెమెరా. పొద్దున చూసుకుంటే సగం మసక. గుస్సాడీ ముందుకు వచ్చినప్పుడల్లా ఫోకస్ అటూ ఇటూ కొట్టుకొని, చివరికి వెనకున్న బల్బు మీద ఆగింది. ఆ రాత్రి పాట ఎత్తుకున్న తాత మొన్న వానాకాలంలో పోయిండు. ఆయన గొంతు మిగిలింది, ముఖం మాత్రం మిగల్లేదు.

దీనికి చాలామంది చెప్పే మందు ఒక్కటే: పెద్ద ఎల్ఈడీ లైటు కొట్టండి అని. మేం ఒప్పుకోం. దండారి అమావాస్య దినాల పండుగ. గుస్సాడీ వేషం కట్టినోళ్లు దీక్షలో ఉంటరు. ఆడుతున్న మనిషి కళ్లల్లోకి లైటు కొడితే అడుగు తడబడుతుంది. పెద్దలకూ నచ్చదు. లైటు లేకపోతే రీల్‌కు వ్యూస్ రావని కొందరు తమ్ముళ్లు అంటున్నరు. రీల్ రెండు రోజులే. మన పిల్లలకు దాచిపెట్టే వీడియో వేరు.

అసలు ఇబ్బంది ఎక్కడుందంటే, ఆటోఫోకస్ వెలుగు నీడల తేడాను, అంచులను వెతుక్కుంటుంది. బూడిద పూసిన ఒళ్లు, చీకట్లో నల్లగా కనిపించే నెమలి ఈకల కిరీటం, పైగా ఆగని ఆట. దానికి పట్టు ఎక్కడ దొరుకుతుంది? పట్టు మనమే ఇవ్వాలి.

ఫోన్ అయితే, మంట వెలుగు పడుతున్న ముఖం మీద గానీ కిరీటం అంచు మీద గానీ వేలు నొక్కి పట్టండి. చాలా ఫోన్లలో ఫోకస్ లాక్ అవుతుంది. ఆడేవాళ్లు దగ్గరికి వచ్చినా దూరం పోయినా మళ్లీ లాక్ చెయ్యాలి. జూమ్ వద్దు, నాలుగు అడుగులు ముందుకు నడవండి. మెయిన్ లెన్స్‌కే వెలుగు ఎక్కువ అందుతుంది. 60 ఫ్రేములు కాకుండా 25 గానీ 30 గానీ పెట్టండి. లెన్స్ మీద చెమట తుడుచుకోండి.

కెమెరా అయితే, ఫోకస్ కోసం ముందు వెలిగే చిన్న లైటు ఆపెయ్యండి. మాన్యువల్ ఫోకస్‌కు మార్చి, స్క్రీన్ మీద బొమ్మను పెద్దది చేసి మంట పక్కన ఒక చోటుకు ఫోకస్ పెట్టుకోండి. ఆడేవాళ్లు ఆ చోటుకు వచ్చినప్పుడు తియ్యండి. 1.8 లెన్స్ ఉంటే మంచిదే గానీ, పూర్తిగా తెరిస్తే ఒక్క అడుగు కదిలినా మసకే. 2.8 దగ్గర పెట్టి ఐఎస్ఓ పెంచండి. గింజలు గింజలుగా వచ్చిన బొమ్మలో ముఖం గుర్తుపట్టొచ్చు, ఫోకస్ తప్పిన బొమ్మలో గుర్తుపట్టలేం.

ఇంకో ఫోన్ పాడేవాళ్ల దగ్గర పెట్టి గొంతు వేరుగా రికార్డు చెయ్యండి. అన్నిటికన్నా ముందు పటేల్‌ను, పెద్దలను అడగండి. వాళ్లు వద్దన్న చోట ఫోన్ జేబులో పెట్టుకోవాలి.

బయటోళ్లు లైట్లు తెచ్చి, తీసుకొని పోతరు. మనం ఆ రాత్రిని చెడగొట్టకుండా తియ్యడం నేర్చుకోవాలి. వచ్చే దండారికి ముందు ప్రతి గూడెంలో ఒక సాయంత్రం మంట వేసుకొని ఒకరినొకరు తీసుకుంటూ ప్రాక్టీసు చేద్దాం. పాట తెలిసిన తాతలు, అవ్వలు ఇంకా ఉన్నరు. ఈసారి వాళ్ల ముఖాలు మసక కావద్దు.