60 మంది పిల్లలకు ఇద్దరేనా?



మన హనుమకొండ సంఘం సండే స్కూల్లో 60 మంది పిల్లలున్నారు, టీచర్లు ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒక సిస్టర్‌కు నెలాఖరున బదిలీ. సండే స్కూల్ బాధ్యత నాది, కాబట్టి ఈ మాట నేనే చెప్పాలి.

60 మందికి ఇద్దరు! ఆదివారం ఆరాధనకు వచ్చేది ఎవరు? ఎంజీఎం ఆసుపత్రిలో నర్సులు, బడి పంతుళ్లు, లెక్చరర్లు, కాజీపేట రైల్వే ఉద్యోగులు, ఎన్ఐటీలో చదివే యౌవనస్థులు. కీబోర్డు వాయించేవాళ్లున్నారు, బొమ్మలు వేసేవాళ్లున్నారు. పాత కీర్తనలు రాగం తప్పకుండా పాడే అమ్మలున్నారు. అడిగితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు: "నాకేం వచ్చు బ్రదర్?"

మత్తయి సువార్త 25లో ఒక్క తలాంతు అందుకున్న దాసుడిని గుర్తు చేసుకోండి. ఒక తలాంతు అంటే సుమారు 6000 దేనారాలు. దేనారం కూలివాడికి ఒక రోజు కూలి. అంటే దాదాపు 20 ఏళ్ల కూలి ఆ ఒక్కడి చేతిలో పెట్టాడు యజమాని. అతను దాన్ని తినేయలేదు, తాగేయలేదు. భద్రంగా పాతిపెట్టి అలాగే తిరిగిచ్చాడు. అయినా తీర్పు తప్పలేదు.

మన పక్కనున్న డోర్నకల్ సంగతి మరిచారా? 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయిన అజరయ్య గారు, బాప్తిస్మం పొందినవారి చెయ్యి వారి తలమీదే పెట్టించి, సువార్త చెప్పకుంటే నాకు శ్రమ అని వారి నోటితోనే పలికించేవారు. వాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పేటల కూలీలు, అక్షరం రానివాళ్లు. తమకేం వచ్చని వాళ్లు ఇంట్లో కూర్చోలేదు, పక్క ఊళ్లకు నడిచి వెళ్లారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన వారి కెథెడ్రల్ ముందు మనం నిలబడి ఫొటోలు దిగి వస్తున్నాం. డిగ్రీలున్న మనకు వారానికి ఒక గంట లేదట! కానుక పెట్టెలో నోటు వేస్తే ఈ లెక్క తీరదు. 60 మందికి ఇద్దరు, అది నోట్లతో మారే లెక్క కాదు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక హాల్లో ఉంటాను. పాట వస్తే పాట, కథ వస్తే కథ. లెక్కలు వస్తే పదో తరగతి పిల్లలకు సాయంత్రం ట్యూషన్ చెప్పండి. సిస్టర్ వెళ్లేలోపు ఆమె పక్కన కూర్చుని పని నేర్చుకోవడానికి కనీసం నలుగురు కావాలి.