చిల్లిగవ్వలో ఒక ప్రాణం

‘చేతిలో చిల్లిగవ్వ లేదు’ అంటాం. అష్టా చెమ్మా ఆడాలంటే గవ్వల కోసం వెతుకుతాం. ఆ గవ్వ ఒకప్పుడు ఓ చిన్న సముద్ర నత్తకు ఇల్లు అన్న సంగతి మాత్రం మనకు గుర్తుకు రాదు.

డబ్బుగా చెలామణి అయిన గవ్వ శాస్త్రీయ నామం మోనెటేరియా మోనెటా. 1758లో లిన్నేయస్ పెట్టిన ‘మోనెటా’ అన్న పేరులోనే డబ్బు ఉంది. సాధారణంగా రెండు, మూడు సెంటీమీటర్ల పొడవుండే ఈ జీవి హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో విస్తారంగా కనిపిస్తుంది. అయితే బెంగాల్, ఒడిశాలకు గవ్వలు ప్రధానంగా మాల్దీవుల నుంచే వచ్చేవి. 14వ శతాబ్దంలో ఆ దీవుల్లో నివసించిన ఇబ్న్ బతూతా ఈ వ్యాపారాన్ని వివరించాడు. నత్తలను ఒడ్డున గుంటల్లో వేసి, మాంసం పోయాక మిగిలిన గుల్లలను బెంగాల్‌కు ఇచ్చి బియ్యం తీసుకునేవారట. ఈస్టిండియా కంపెనీ గవ్వలను కాదని శిస్తును వెండి రూపాయల్లో కట్టమనడం ఒడిశాలో 1817 నాటి పైకా తిరుగుబాటుకు ఒక కారణమైంది.

డబ్బుగా గవ్వల కథ ముగిసినా, వాటి సేకరణ ఆగలేదు. ఖరగ్‌పూర్ పక్కనున్న సాలువా నుంచి సెలవు రోజున దిఘా తీరానికి వెళ్లినా, మన విశాఖ బీచ్‌కు వెళ్లినా గవ్వల దండలు, బొమ్మలు కనిపిస్తాయి. వాటి మెరుపును ఒకసారి గమనించండి. బతికున్న నత్త ‘మాంటిల్’ అనే మెత్తటి పొరను గుల్లపైకి కప్పుకుంటుంది. గుల్లను పెంచేదీ, గీతలు పడకుండా కాపాడేదీ ఆ పొరే. నత్త చనిపోయాక అలలకు, ఇసుకకు ఒరుసుకుని గుల్ల క్రమంగా వన్నె తగ్గుతుంది. అందుకే దుకాణంలో తళతళలాడే గవ్వ చాలావరకు ప్రాణంతో ఉండగా పట్టిన నత్తదే.

గవ్వలు అమ్ముకుని బతికే చిన్న వ్యాపారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కొన్ని రకాల సముద్ర నత్తలకు రక్షణ ఇస్తోంది. ఏది ఆ జాబితాలో ఉందో కొనేవారికీ, అమ్మేవారికీ తెలిసే ఏర్పాటు కావాలి. గవ్వ ఏ జాతిదో, ఎక్కడి నుంచి వచ్చిందో తెలిపే చిన్న చీటీ ఉంటే చాలు. పగడపు దిబ్బలు వేడెక్కిన సముద్రంలో తెల్లబారుతున్న కాలంలో, వాటి మీద బతికే చిన్న జీవుల లెక్క కూడా మనకు అవసరమే.

బడి పిల్లలకు గవ్వలతో లెక్కలు నేర్పుతున్నాం. అందులో ఉండే నత్త గురించి కూడా ఆ పూటే చెబుదాం.