టాల్‌స్టాయ్ స్త్రీ పక్షపాతేనా?

టాల్‌స్టాయ్ 1889లో పూర్తిచేసిన నవలిక ‘క్రూట్జర్ సొనాటా’కు, స్త్రీని భోగవస్తువుగా చూసే సమాజాన్ని ఎండగట్టిన రచనగా పేరుంది. నిషేధాలు ఆ పేరును మరింత పెంచాయి. రష్యాలో సెన్సారు అడ్డుకోవడంతో లిథో ప్రతులు చాటుగా చేతులు మారాయి. 1890లో అమెరికా తపాలా శాఖ కూడా దాని రవాణాపై ఆంక్ష పెట్టింది. నిషేధించినవాళ్లు ఛాందసులు కాబట్టి రాసినవాడు స్త్రీ పక్షం వహించి ఉండాలని చాలామంది తీర్మానించుకున్నారు. ఆ తీర్మానం నిలవదు.

అలా అనుకోవడానికి నవలికలో ఆధారం లేకపోలేదు. భార్యను చంపి, మోసపోయిన భర్తగా కోర్టులో నిర్దోషిగా బయటపడ్డ పోజ్దనిషెవ్ రైల్లో తోటి ప్రయాణికుడికి తన కథ చెబుతాడు. గొప్పింటి తల్లులు కూతుళ్లను ముస్తాబు చేసి సంతలో సరుకులా నిలబెడుతున్నారని దుయ్యబడతాడు. తానూ అలాగే బోల్తాపడ్డాడు. ఒక సాయంత్రం పడవ షికారులో ఒక అమ్మాయి ఒంటికి అతుక్కున్న జెర్సీ, ఉంగరాల జుట్టు చూసి, ఇంత అందగత్తె గుణవంతురాలు కాకుండా ఎలా ఉంటుందనుకుని మర్నాడే పెళ్లి మాట ఎత్తాడు. విశ్వవిద్యాలయంలో చదివించినా, చట్టసభలో కూర్చోబెట్టినా, మగవాడి చూపు మారనంతకాలం స్త్రీ బానిసేనని అంటాడు. ఆ కాలపు నవలల్లో ఇంత సూటి మాట అరుదు.

ఆ వెంటనే వాదన అడ్డం తిరుగుతుంది. అణగదొక్కబడిన స్త్రీ తన ఆకర్షణతో మగజాతి మీద కక్ష తీర్చుకుంటోందట! నగరాల్లో దుకాణాలన్నీ ఆమె షోకుల కోసమేనట, లక్షల మంది కూలీలు ఆమె కోసమే చాకిరీ చేస్తున్నారట. బానిస అన్న నోటితోనే ఆమెను రాణిని చేసి, నేరాన్ని ఆమె నెత్తికే చుట్టాడు.

ఉన్మాది పాత్ర మాటల్ని రచయితకు అంటగట్టకూడదని టాల్‌స్టాయ్ అభిమానులు అంటారు. మామూలుగా అది న్యాయమైన మాటే. ఇక్కడ మాత్రం ఆ అవకాశాన్ని ఆయనే మూసేశాడు. 1890లో సొంత గొంతుతో మలిమాట రాసి, బ్రహ్మచర్యమే ఆదర్శమని, సంతాన నిరోధం తప్పని వాదించాడు. కామం దేవుడి సేవకూ మనిషి సేవకూ అడ్డు అన్నది ఆయన బెంగ. మగవాడి పవిత్రత చెడుతోందన్న బాధ కనిపించినంతగా స్త్రీ నష్టపోతోందన్న బాధ కనిపించదు. కథ నడకా దీనికి తగ్గట్టే ఉంది. ఐదుగురు పిల్లలు పుట్టాక ఇక కానుపులు వద్దని వైద్యులు చెబుతారు. కాన్పుల బాధ తప్పిన భార్య కాస్త కోలుకుని కళకళలాడేసరికి భర్తకు అనుమానం మొదలవుతుంది. ఆమె వయొలిన్ వాద్యకారుడు త్రుఖచెవ్‌స్కీతో తప్పు చేసిందో లేదో కథలో ఎక్కడా తేలదు. కత్తిపోటు పడ్డాక, దెబ్బలకు వాచిన ఆమె ముఖం చూసినప్పుడు గానీ ఆమె కూడా మనిషేనని పోజ్దనిషెవ్‌కు తట్టలేదు. నవలికలో అత్యంత నిజాయతీ గల ఘట్టం అదే. అప్పటికి ఆమెకు మిగిలింది, పిల్లల్ని అతనికి ఇవ్వనని చెప్పేంత ఊపిరి మాత్రమే.

టాల్‌స్టాయ్ ఆదర్శ స్త్రీ ఎవరో చెహోవ్ ‘డార్లింగ్’ కథకు ఆయన రాసిన వ్యాఖ్యలో స్పష్టంగా తెలుస్తుంది. ఎవరిని ప్రేమిస్తే వారి అభిప్రాయాలే తనవిగా చేసుకునే ఒలెంకాను చెహోవ్ నవ్వుతూ చిత్రిస్తే, టాల్‌స్టాయ్ ఆమెకు హారతి పట్టాడు.

‘క్రూట్జర్ సొనాటా’కు జవాబు ఆయన ఇంట్లోనే పుట్టింది. 1862లో 18 ఏళ్ల సోఫియా 34 ఏళ్ల టాల్‌స్టాయ్‌ని పెళ్లాడింది. పెళ్లికి ముందే ఆయన తన పాత వ్యవహారాలున్న డైరీలు ఆమె చేత చదివించాడు. ఆమెకు 13 మంది పిల్లలు. ఈ నవలిక సాగుతున్న 1888లోనే ఆఖరివాడు పుట్టాడు. లోకం కథలోని భార్యను తనలో చూస్తోందని ఆమె కుమిలిపోయింది. అయినా 1891లో చక్రవర్తి మూడో అలెగ్జాండర్‌ను స్వయంగా కలిసి, టాల్‌స్టాయ్ రచనల 13వ సంపుటంలో దాన్ని అచ్చువేసేందుకు అనుమతి తెచ్చింది. తర్వాత ‘ఎవరిది తప్పు?’ అనే నవలిక రాసింది. అందులోనూ అసూయతో భర్త భార్యను చంపుతాడు, కానీ కథ ఆ భార్య మనసులోంచి నడుస్తుంది. ఆమె కోరుకున్నది స్నేహం, అతనికి కావాల్సింది ఆమె దేహం.

ఆ రచన రష్యాలో 1994 దాకా అచ్చుకు నోచుకోలేదు. టాల్‌స్టాయ్‌కి స్త్రీ పక్షపాతి అని కితాబిచ్చేవాళ్లు ముందు దాన్ని చదవాలి.