మరమ్మతు సరే, మార్పులెందుకు?

ఇంట్లో పాత స్పీకర్ల జత ఉన్నవాడికి సలహాలకు కొదవుండదు. కెపాసిటర్లు ఖరీదైనవి వేయించు, లోపలి వైర్లు మందంగా మార్పించు, హెచ్చు స్వరాలు పలికే ట్వీటర్ కొత్తది పెట్టించు. పెట్టె అదే కాబట్టి మమకారమూ మిగులుతుంది, ధ్వనీ ఈ కాలానికి తగ్గట్టు వస్తుందంటారు. పాతింటికి సున్నం వేయించినంత తేలిగ్గా చెబుతారు. వాళ్లు చెప్పేది సున్నం కాదు, దూలాలు మార్చడం.

ఎల్ఎస్ 3/5ఎ సంగతే చూడండి. స్టూడియో బయటి ప్రసారాలకు వెళ్లే వ్యానుల్లో ధ్వనిని సరిచూసుకోవడానికి 1970ల తొలినాళ్లలో బీబీసీ ఇంజనీర్లు రూపొందించిన బుల్లి స్పీకర్ అది. ముప్పై సెంటీమీటర్ల ఎత్తు, లోపల సుమారు అయిదు లీటర్ల చోటు, అంతే. రోజర్స్, స్పెండర్ వంటి కంపెనీలు లైసెన్సు తీసుకుని తయారుచేశాయి. అర్ధశతాబ్దం దాటినా దానికోసం వెతికేవాళ్లు ఉన్నారు. విప్పి 'బాగుచేసే' వాళ్లూ ఉన్నారు.

ఏం బాగుచేస్తారు? ఆ పెట్టెను బర్చ్ ప్లైవుడ్‌తో చేసి, మూలల్లో బీచ్ చెక్క పట్టీలు వేశారు. పట్టీలకు పరానా పైన్ వాడితే ధ్వని తేడాపడిందని బీబీసీ పట్టుకుంది. కంటికి కనపడని చెక్కముక్క దగ్గరే అంత పట్టింపు! ఇక ట్వీటర్. కెఫ్ కంపెనీ టీ27లు అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా రావు. అందుకే హెచ్చు, తగ్గు స్వరాలను విడదీసి పంచే క్రాసోవర్‌లో ఒక ఆటోట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, ట్వీటర్ మోతాదు సరిచేసేందుకు దానికి కొన్ని ట్యాపులు (కలుపుకునే చోట్లు) ఇచ్చారు. తయారీలో ఒక్కో స్పీకర్‌నూ కొలిచి, సరిపోయిన ట్యాపుకు ట్వీటర్‌ను కలిపేవారు. అంటే మీ ఇంట్లో ఉన్న జత, ఆ ట్వీటర్లకే ఆ క్రాసోవర్లు అమరిన జత. కొలిచే పరికరం లేకుండా ట్వీటర్ మార్చారంటే, ఒకరి కళ్లకు రాసిన అద్దాలు ఇంకొకరికి తగిలించినట్టే.

1980ల చివర్లో లోపలి స్పీకర్ యూనిట్ల తీరు మారినప్పుడు తయారీదారులు ఏం చేశారో చూడండి. ఒక్క భాగం మార్చి ఊరుకోలేదు. క్రాసోవర్ మొత్తం తిరిగి రూపొందించారు. పదిహేను ఓమ్‌ల స్పీకర్ పదకొండు ఓమ్‌లది అయింది. చేసినవాళ్లకే అంత జాగ్రత్త అవసరమైతే, మనకు ఆదివారం మధ్యాహ్నం సరిపోతుందా?

'మార్చాక తేడా స్పష్టంగా వినిపించింది కదా' అంటారు. నాకూ వినిపించింది. ఒకసారి వేరే జతలో ఒక స్పీకర్‌కు లోపలి వైర్లు నేనే మార్చి, మబ్బు విడిపోయినట్టుందని మురిసిపోయాను. తర్వాత ఒక మిత్రుడు రెండింటినీ ఒకే మోతాదులో, ఏది ఏదో చెప్పకుండా వినిపించాడు. పోల్చుకోలేకపోయాను. పెట్టిన డబ్బూ, పడ్డ శ్రమా చెవిలో దూరి మాట్లాడతాయి.

మరమ్మతుకు నేను అడ్డం కాదు. ఫోమ్ అంచులున్న పాత స్పీకర్లకు, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో, ఆ అంచులు పొడిపొడిగా రాలిపోతాయి. కొత్తవి అతికించాల్సిందే. ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ను కొలిచి, అదే విలువది వేయించాల్సిందే. బొబ్బిలి వీణకు మేళం సడలితే మైనం కరిగించి మెట్లు మళ్లీ నిలుపుతారు. అంతేగాని నాదం పెరుగుతుందని పనస కుండను చెక్కించుకోరు.

ఎల్ఎస్ 3/5ఎలో లోతైన బేస్ లేదంటారా? నిజమే, అయిదు లీటర్ల పెట్టెలో ఎక్కడినుంచి వస్తుంది! ఒక వాట్‌కు మీటరు దూరంలో 82, 83 డెసిబెల్స్ మించి పలకదు కూడా. పెళ్లి పందిట్లో పెట్టుకునే సరుకు కాదది. మనిషి గొంతును మనిషి గొంతులా వినిపించడానికి చేసింది. అది చాలదనుకుంటే అమ్మేసి ఇంకో జత కొనుక్కోండి, నేనేమీ అనుకోను. దీన్ని మాత్రం ఇంకోటిగా మార్చబోకండి.

అయినా విప్పి తీరతామంటే ఒక్క మాట వినండి. తీసిన ప్రతి ముక్కనూ కవర్లో వేసి, ఏ పెట్టెలోదో నంబరు రాసి దాచిపెట్టండి. మీరు కాకపోతే, రేపు మీ దగ్గర కొనేవాడైనా వాటిని వెనక్కి వేయించుకుంటాడు.