కొత్త మడి, పాత నడుము
10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగు లోతున పెరటి మడి తవ్వితే 40 ఘనపుటడుగుల మట్టి కదలాలి. తేమగా ఉంటే అది సుమారు ఒకటిన్నర టన్నులు! గడ్డపార పోటు భుజాలకు తగులుతుంది, అరచేతుల్లో బొబ్బలు లేస్తాయి, అవి మానేవే. అసలు ముప్పు, వంగిన నడుమును పక్కకు తిప్పి పారతో మట్టి విసరడంలో ఉంది. వెన్నుపూసల మధ్య డిస్కులు నలిగేది అక్కడే. అలవాటులేని కండరాల నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. ఆదివారం తవ్వినవారికి మంగళవారం మెట్లు దిగడమే గండం. ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవి మట్టిలోనే ఉంటుంది కనుక చిన్న గాయమూ తేలిక కాదు. ఒక్కపూటలో ముగించాలనే పంతం పట్నవాసపు జబ్బు. రోజూ పలుగు పట్టే కూలీలు ఎండ ముదరకముందే పని ఆపేస్తారు. ముందురోజు నీళ్లు పెట్టి నేలను నాననిచ్చి, నాలుగు పూటలుగా తవ్వితే చాలు.