బెల్ వాల్వును ఎందుకు పారేయాలి?

పోయిన నెల హైదరాబాదులో ఒక మిత్రుడి ఇంట్లో పాత గ్రామఫోను రికార్డులు వినడానికి పదిమందిమి చేరాం. ఆంప్లిఫయర్ వాల్వులది. ఆయనే ఓపిగ్గా కూర్చుని సోల్డరింగ్ చేసుకున్నాడు. ముందు ఇ.సి.సి.83 రకం వాల్వు, వెనక ఇ.ఎల్.84 రకం జత. పాట హాయిగా సాగుతోంది, అందరూ తలలు ఊపుతున్నారు. రికార్డు తిరగేసే వేళకి కొత్తగా వచ్చిన ఒకాయన లేచి, వంగి, గాజు మీద భారత్ ఎలక్ట్రానిక్స్ వారి బెల్ ముద్ర చదివి, "బెల్ వాల్వులా? తీసి పారేయండి సార్. ముల్లార్డో టెలిఫంకెనో పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాడు. అప్పటిదాకా తలలు ఊపినవాళ్లే అవునవునన్నారు. రెండో వైపు అదే పాట వాళ్లకి పేలవంగా వినిపించిందట! మిత్రుడి మొహం చిన్నబోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఈ మాట ఆయన ఒక్కడిదే అయితే ఇంత రాయను. ఇవాళ వాల్వులు పోగుచేసేవాళ్లలో నూటికి తొంభైమంది నోట ఇదే మంత్రం. పేరు చూడు, డబ్బా చూడు, డబ్బు పెట్టు. ఈ మంత్రం నేర్చుకోవడానికి వాల్వు గురించి ఒక్క ముక్క తెలియనక్కర్లేదు. అందుకే ఇంత తొందరగా పాకింది.

పేరు అంటే ఏమిటి? గాజు మీద కొట్టిన సిరా. పాత ముల్లార్డ్ వాల్వును బొటనవేలితో గట్టిగా రుద్దితే పేరు చెరిగిపోతుంది. చెరిగేదాన్ని మళ్లీ కొట్టడం ఎంతసేపు? మోసగాళ్ల సంగతి వదిలేద్దాం, అసలు కంపెనీలే ఆ రోజుల్లో ఒకరి సరుకు మీద ఇంకొకరు పేరు వేసుకుని అమ్మేవి. ముల్లార్డ్ ఇంగ్లండు కంపెనీయే కానీ, 1927 నుంచి పూర్తిగా ఫిలిప్స్ సొత్తు. జర్మనీలో వాల్వో, అమెరికాలో ఆంపెరెక్స్ కూడా ఆ ఇంటివే. అమెరికావాళ్లు కళ్లకద్దుకుని కొనే ఆంపెరెక్స్ 'బ్యూగిల్ బాయ్' చిన్న వాల్వులు చాలావరకు హాలెండులోని హీర్లెన్ ఫ్యాక్టరీలో పుట్టినవి. ఇవాళ కొత్త డబ్బాలో ముల్లార్డ్ అని వస్తున్న కొత్త వాల్వులు రష్యాలోని సరాటోవ్‌లో తయారైనవి. ఒక అమెరికన్ కంపెనీ ఆ పేరు హక్కు కొనుక్కుంది. టుంగ్‌సోల్ అనే పేరుతో వచ్చేవీ ఆ కంపెనీవే. సరాటోవ్ పనివాళ్ల మీద నాకే ఫిర్యాదూ లేదు. కానీ పేరే ప్రాణం అనేవాళ్లు దీనికి ఏం జవాబు చెబుతారు?

ఎవరు చేశారన్నది తెలియాలంటే గాజును అడగాలి. ఫిలిప్స్ ఇంటి వాల్వులకు పిన్నుల పైన, గాజు అంచున, బూడిద రంగులో రెండు వరుసల సన్నటి అక్షరాలు ఉంటాయి. మామూలు వెలుతురులో ఒక్కోసారి కనిపించవు. చల్లారిన వాల్వును నోటి దగ్గర పెట్టుకుని హా అని ఊదితే, ఆవిరి పట్టి ఒక్క క్షణం తేలతాయి. కళ్లు చికిలించి చదివేలోపు మాయమవుతాయి. మళ్లీ ఊదాలి. పై వరుస వాల్వు రకం. కింది వరుస బి4కె2 అని ఉందనుకుందాం. బి అంటే ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీ. అక్కడ చిన్న త్రిభుజం ఉంటే హీర్లెన్, డి ఉంటే హాంబర్గ్. 4 సంవత్సరం చివరి అంకె, కె నవంబరు, 2 ఆ నెలలో రెండో వారం. అది 1964 నవంబరా, 1974 నవంబరా అన్నది కోడ్ చెప్పదు. లోపలి ప్లేటు పొడుగు, దాని మీది గాళ్లు, పైన, లోపల మిగిలిన గాలిని పీల్చే గెటర్ పూత రింగు ఆకారం చూసి తేల్చుకోవాలి. గెటర్ పూత అద్దంలా మెరుస్తుంటే ప్రాణం ఉన్నట్టు. పాలలా తెల్లబడితే గాలి చొరబడిందని అర్థం, ఎంత గొప్ప పేరున్నా అది చచ్చిన వాల్వు. జర్మన్ కంపెనీ టెలిఫంకెన్ చిన్న వాల్వులకైతే అడుగున పిన్నుల మధ్య గాజులోనే పోతపోసిన డైమండు గుర్తు ఉంటుంది.

ఆ రోజు ఆ పెద్దమనిషి జేబులోంచి దూదిలో చుట్టిన 'టెలిఫంకెన్' ఇ.సి.సి.83 తీసి అందరికీ చూపించాడు. నా చేతికి వచ్చినప్పుడు తిరగేశాను. అడుగున డైమండు లేదు. ఇ.సి.సి.83లో టెలిఫంకెన్ ప్లేట్లు ఎక్కువగా నున్నగా ఉంటాయి, ఇవి గాళ్లు పడి ఉన్నాయి. ఊదితే త్రిభుజం తేలింది. "ఇది హాలెండుదండీ, మంచి వాల్వే" అన్నాను. "పేరు ఉంది కదా" అన్నాడు. గాజు చెప్పేది వినడు, సిరా చెప్పేది నమ్ముతాడు. అలాంటివాడు ఇంకొకరి ఇంటికొచ్చి వాల్వులు పారేయమంటాడు!

ఇక బెల్ సంగతి. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ 1954లో పుట్టింది. 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది, అదీ ఫిలిప్స్ సహకారంతో. ముల్లార్డ్‌కు యజమాని ఎవరో, బెల్‌కు వాల్వుల పని నేర్పిందీ వాళ్లే. ఇ.ఎల్.84 అని పేరు పెట్టి అమ్మారంటే దానికో కట్టుబాటు ఉంది. ప్లేటు మీద 250 వోల్టులు, 48 మిల్లీ ఆంపియర్లు, మ్యూచువల్ కండక్టెన్సు వోల్టుకు 11.3 మిల్లీ ఆంపియర్లు, ఫిలమెంటుకు 6.3 వోల్టులు. బ్లాక్‌బర్న్‌లో చేసినా బెంగళూరులో చేసినా అందుకోవాల్సిన కొలత ఇదే. మిత్రుడి జతను మర్నాడు నా టెస్టర్ మీద పెట్టాను. కండక్టెన్సు ఒకదానికి 10.6, ఇంకొకదానికి 10.9. కొన్నేళ్లు వాడిన వాల్వులకు అంతకంటే ఏం కావాలి?

బెల్‌లో నాసిరకం రాలేదా అంటే వచ్చింది. ఏ ఫ్యాక్టరీలో రాలేదు గనక?

నాకు బాధ కలిగించేది వేరే. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవాళ్లకు ఎప్పటినుంచో ఉన్న జబ్బే ఇప్పుడు వాల్వులకూ పట్టింది. మా ఊళ్లో మర్ఫీ, బుష్, హెచ్.ఎం.వి. సెట్లలో వాల్వు పోతే రేడియో మెకానిక్ పెట్టింది బెల్ వాల్వే. రేడియో లైసెన్సు పుస్తకం పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్లి డబ్బు కట్టి, సాయంత్రం స్విచ్ వేసి, సెట్టు వేడెక్కేదాకా అరుగు మీద కాచుకుని కూర్చున్న మనుషులకు విజయవాడ కేంద్రం వినిపించింది ఆ వాల్వులే. శ్రీరామనవమి పందిట్లో మైక్‌సెట్ పాడింది వాటితోనే. ఘంటసాల గొంతు ఎన్ని పల్లెలకు వాటిగుండా చేరిందో! ఆ వాల్వులు చేసిన చేతులు బెంగళూరులో మన మధ్య బతికిన మనుషులవి. ఇరుకు సందులో జుట్టులాంటి సన్నటి తీగను గ్రిడ్డుగా చుట్టి కూర్చడం మాటలు కాదు. ఆ పనిని "తీసి పారేయండి" అనడానికి నోరెలా వస్తుంది?

ఈ పేర్ల పిచ్చి వాల్వులతో ఆగలేదు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఈమధ్య ఒక ఫిలిప్స్ రేడియో చూశాను. టేకు పెట్టె చెక్కుచెదరలేదు, డయలు మీద స్టేషన్ల పేర్లు చదవడానికి వీలుగా ఉన్నాయి. వెనక అట్ట తీస్తే లోపల సాకెట్లన్నీ ఖాళీ. స్టేషను కుదిరిందో లేదో చూపే మ్యాజిక్ ఐ వాల్వును తీగలతో సహా కత్తిరించుకుపోయారు. యూరప్ పేరున్నవి ఏరుకుని, మిగతావి గోనెసంచిలో గలగలా పోశారు. ఆ సంచిలో యు.ఎల్.84 ఒకటి పిన్ను వంగి పడి ఉంది. యు అక్షరంతో మొదలయ్యేవి వంద మిల్లీ ఆంపియర్ల వరుస ఫిలమెంటువి. దీనికి 45 వోల్టులు కావాలి గనక హైఫై వాళ్లకు అక్కర్లేదు. కానీ ఆ రకం రేడియోకు అది గుండెకాయ. బతికున్న రేడియోను చంపి అందులోంచి ఒకటో రెండో వాల్వులు తీసి గాజు బీరువాలో పెట్టుకోవడాన్ని సేకరణ అంటున్నారు. నేను అనను. అది పీక్కుతినడం.

ముల్లార్డ్ ధ్వని వెచ్చగా ఉంటుందనీ, టెలిఫంకెన్ స్వచ్ఛంగా ఉంటుందనీ చెబుతారు. పేరు చూడకుండా వినమంటే ఎవరూ ముందుకు రారు. ఆ వాదన అక్కడితో సరి.

మరేం చేయాలంటారా? ముందు వాల్వును బట్టతో తుడవడం మానండి, అక్షరాలు పోతాయి. ఎక్కడ దొరికింది, ఏ సెట్టులోది, కోడ్ ఏమిటి, కొలత ఎంత అన్నది ఒక పుస్తకంలో రాసుకోండి. బ్లాక్‌బర్న్ కోడ్‌ల పట్టికలు ప్రపంచమంతా తిరుగుతున్నాయి. మన బెల్ వాల్వుల మీది గుర్తులకు అలాంటి పట్టిక నా చేతికి ఒక్కటీ రాలేదు. నేను ఇప్పటికి నూట పన్నెండు బెల్ వాల్వుల గుర్తులు రాసుకున్నాను. వాటి క్రమం ఇంకా పట్టుబడలేదు. ఆ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాళ్లు, పాత రేడియో షాపులు నడిపినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల అటకల మీద తనిఖీ కాగితాలో, కంపెనీ పంపిన పట్టికలో ఉండే ఉంటాయి. పాత కాగితాలవాడికి వేసేముందు ఒక్కసారి విప్పి చూడండి.

మిత్రుడి ఆంప్లిఫయర్‌లో ఆ జత అలాగే ఉంది. తీయొద్దని నేనే చెప్పి వచ్చాను.